షుగరు పుండు అయిదు నెలలైనా మానలేదు, ఇంకా బలమైన యాంటీబయాటిక్ ఏదైనా ఉందా?

ముందు మీ ప్రశ్న నాకు ఎలా అర్థమయిందో చెబుతాను, తప్పుంటే సరిదిద్దండి. మీది సోంపేట దగ్గర పల్లె. నాన్నగారికి 61 ఏళ్ళు, షుగరు వచ్చి 14 ఏళ్ళు. కుడి అరికాలిలో, బొటనవేలి మొదట్లో, రూపాయి బిళ్ళంత పుండు అయిదు నెలలుగా మానడం లేదు. నొప్పి లేదు, జ్వరం లేదు, పాదం ఎర్రబడలేదు. నాలుగు రకాల యాంటీబయాటిక్ మాత్రలు, ఆ తర్వాత పది రోజుల ఇంజెక్షన్లు అయ్యాయి. ఒక డాక్టరు వేలు తీసేయాలన్నారు, మరొకరు వ్యాక్యూమ్ మిషను పెట్టాలన్నారు, మీ మేనమామ ఆకు పసరు కట్టించమంటున్నారు. ఇంకా బలమైన యాంటీబయాటిక్ ఉందా అని అడిగారు.

ఉంది. కానీ మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఆ పుండుకి ఇప్పుడు యాంటీబయాటిక్‌తో పని లేదు. కాలికి రక్తం సరిగా అందుతోందో లేదో ఎవరైనా చూడాలి. పుండు ఎముక దాకా దిగిందేమో చూడాలి. చుట్టూ పేరుకున్న గట్టి చర్మాన్ని, లోపలి చచ్చిన కండను కోసి తీసేయాలి. ఆ చోటు మీద ఒంటి బరువు పడకుండా చేయాలి. షుగరు అదుపు వీటన్నిటితో పాటు సాగాలి. ఇవి జరగకుండా పైన ఏ మందు వేసినా మరో అయిదు నెలల తర్వాత మీరు ఇదే ప్రశ్న అడుగుతారు.

నేను శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో 24 ఏళ్ళుగా ఆపరేషన్లు చేస్తున్నాను. పదేళ్ళుగా వారంలో రెండు రోజులు మానని పుండ్ల కోసమే కేటాయించాను. వచ్చినవారందరూ మొదట అడిగేది పుండు మీద ఏమి వేస్తారని. నేను వేసే వాటికన్నా తీసేసేవే ఎక్కువ కాబట్టి చాలామంది కాస్త నిరాశగా చూస్తారు. మీకు కూడా అలాగే అనిపించవచ్చు, కొంచెం ఓపిక పట్టి చదవండి. ఫొటో చూసి లోతు చెప్పలేను కాబట్టి, ఇది చేత్తో పట్టి చూసే డాక్టరు మాటకు బదులు కాదని కూడా గుర్తుంచుకోండి.

మీరు పెట్టిన కల్చర్ రిపోర్టులో సూడోమోనాస్ అనే క్రిమి పేరు ఉంది. ఆ పేరు చూసే మీకు భయం పట్టుకున్నట్టుంది. పైచర్మం లేని ఏ పుండునైనా దూది పుల్లతో తుడిచి పంపితే ఏదో ఒక క్రిమి పేరు రాక తప్పదు. క్రిమి పుండు మీద కాపురం ఉండటం వేరు, కండలోకి దిగి దాడి చేయడం వేరు. రెండోది జరిగితే ఒళ్ళే చెబుతుంది: పుండు అంచు నుంచి అర సెంటీమీటరు దాటిన ఎర్రదనం, వాపు, వేడి, కొత్తగా మొదలైన నొప్పి, చీము. వీటిలో కనీసం రెండు కనబడితేనే ఇన్ఫెక్షన్ అంటాం. రిపోర్టుకి వైద్యం చేయకూడదు, కాలికి చేయాలి. నాన్నగారికి జరిగింది రిపోర్టుకి వైద్యం.

మరి నాలుగు రకాల మందులు వాడినా ఆ క్రిమి ఎందుకు పోలేదు? చెరువు మెట్ల మీద పాచి చూశారు కదా. ఎన్ని బిందెల నీళ్ళు పోసినా పోదు, రాయితో గీకితేనే పోతుంది. పాత పుండు మీద క్రిములు అలాంటి జిగురు పొర కట్టుకుని దాని కింద ఉంటాయి. రక్తంలో వచ్చే మందు ఆ పొరలోకి సరిగా చేరదు. పోనీ ఒకసారి గీకితే సరిపోతుందా అంటే, ఒకటి నుంచి మూడు రోజుల్లో పొర మళ్ళీ కట్టడం మొదలవుతుంది. అందుకే వారానికోసారి పిలుస్తాం. "మొన్ననే శుభ్రం చేశారు కదండీ, మళ్ళీనా?" అని విసుక్కుంటారు. మళ్ళీనే.

నిజంగా ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు మాత్రం యాంటీబయాటిక్ తప్పనిసరి, ఆలస్యం చేయకూడదు. అప్పుడైనా పైపైన తుడిచిన దూది కాకుండా, శుభ్రం చేశాక లోపలి నుంచి తీసిన చిన్న కండ ముక్కను కల్చర్‌కి పంపాలి. కండ వరకే అయితే ఒకటి రెండు వారాలు చాలు. ఎముకకి పట్టి, ఆ ఎముకను తీయకుండా మందులతోనే నయం చేయాలనుకుంటే ఆరు వారాలు. పుండు మూసుకునే దాకా మాత్రలు మింగుతూ ఉండాలనే నియమం ఎక్కడా లేదు.

ఇక్కడ మీకు ప్రత్యేకంగా ఒక మాట. మీది ఉద్దానం, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ప్రాంతం. నాన్నగారి క్రియాటినిన్, అంటే కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష అంకె, ఎంత? మీ ప్రశ్నలో ఆ అంకె లేదు. సోంపేట, కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు నుంచి ఎవరు వచ్చినా నేను షుగరు కన్నా ముందు అది అడుగుతాను. జెంటామైసిన్, అమికాసిన్ లాంటి ఇంజెక్షన్లు, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు అప్పటికే నీరసించిన కిడ్నీని పడగొట్టగలవు. నాన్నగారికి పది రోజులు ఇచ్చిన ఇంజెక్షన్ ఏదో చీటీ వెతికి చూడండి. క్రియాటినిన్ ఈ వారమే చేయించండి. ఎక్కువగా ఉంటే పలాసలో 2023లో తెరిచిన కిడ్నీ ఆసుపత్రి మీకు దగ్గరే.

రక్తం సంగతి. దీన్ని ముందు పెట్టడానికి కారణం నా తప్పు ఒకటి. వృత్తిలోకి వచ్చిన కొత్తలో, మడమ మీద నల్లగా ఎండి అట్టకట్టిన పుండుతో ఒక పెద్దాయన వచ్చారు. నలుపు కనబడితే కోయాలని చదువుకున్నాను, కోశాను. పాదం మీద నాడి చూశానా అంటే, చూశాననే అనుకున్నాను. వేళ్ళకి ఏదో తగిలినట్టే అనిపించింది, ఆ తగిలినది నా నాడే అయి ఉండాలి. వారం తిరిగేసరికి కోసిన అంచు కూడా నల్లబడింది, మూడో వారానికి మోకాలి కింద తీయవలసి వచ్చింది. రక్తం రాని కాలికి ఎండిన అట్టే మూత, దాన్ని ఊడబెరికితే కింద మానడానికి సత్తువ ఉండదు. ముందు రక్తనాళం తెరిపించాలి, తర్వాతే కత్తి. ఆయన కొడుకు ఇప్పటికీ ఎక్కడైనా కనబడితే నమస్కారం పెడతాడు. నాకే తల ఎత్తడం కష్టంగా ఉంటుంది.

కాబట్టి పాదం పైభాగాన ఒకటి, లోపలి చీలమండ వెనక ఒకటి, రెండు చోట్లా నాడి చూడమనండి. చేతికి తగలకపోతే రక్త ప్రవాహపు చప్పుడు వినిపించే చిన్న డాప్లర్ పరికరంతో చీలమండ దగ్గర బీపీ, చేతి బీపీ రెండూ కొలిచి, చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తారు. 0.9 కన్నా తక్కువైతే నాళాలు ఇరుకయ్యాయని అర్థం. 0.5 కన్నా తక్కువైతే ఇక ఆలస్యం లేకుండా రక్తనాళాల డాక్టరు దగ్గరికి. ఇక్కడో మెలిక ఉంది. ఏళ్ళ తరబడి షుగరున్నవారి నాళాలు సున్నం పట్టిన గొట్టాల్లా బిరుసెక్కుతాయి, అప్పుడు అంకె 1.3 దాటి వస్తుంది. అది బాగున్నట్టు కాదు, కొలత పనికిరాదని. అలాంటప్పుడు బొటనవేలి దగ్గర కొలవాలి.

పొగ గురించి కూడా ఇక్కడే అడగాలి. మన వైపు మగవాళ్ళ చుట్ట సంగతి అందరూ అడుగుతారు, ఆడవాళ్ళ అడ్డపొగ సంగతి ఎవరూ అడగరు. నిప్పు నోట్లో పెట్టుకుని పీల్చే ఆ చుట్ట నోటి పుండ్లకే కారణమని అనుకుంటారు. పొగాకు కాలి నాళాలను కూడా బిగించేస్తుంది. నాన్నగారికి ఏ అలవాటున్నా ఈ రోజుతో ఆపించండి.

లోతు సంగతి. శుభ్రమైన, మొన మొద్దుగా ఉన్న లోహపు పుల్లను పుండులోకి నెమ్మదిగా దించుతాం. మెత్తగా ఆగితే కండ. గట్టిగా, రాయికి తగిలినట్టు టక్కుమంటే ఎముక. పుండు ఎముకను తాకుతోందంటే ఎముకకి ఇన్ఫెక్షన్ ఉందని గట్టి అనుమానం. ఒక ఎక్స్‌రే తీయించుకోండి. కాకపోతే ఎముక చెడటం ఎక్స్‌రేలో కనబడటానికి రెండు మూడు వారాలు పడుతుంది కాబట్టి మొదటి ఫిల్ము బాగుందని నిశ్చింతగా ఉండకూడదు. అయిదు నెలల పుండు, అందులోనూ వేలి కీలు మీద. ఈ పరీక్ష నాన్నగారికి ఎవరూ చేయలేదంటే నాకు ఆశ్చర్యమే.

వేలు తీయాలా అనే ప్రశ్నకి జవాబు ఈ రెండింటి మీదే ఆధారపడుతుంది. ఎముక కుళ్ళి, మందులకి లొంగకపోతే వేలో, వేలి కింది ఎముక ముక్కో తీయడం కాలిని కాపాడే పని, దానికి భయపడకండి. ఎముక బాగుండి, రక్తం బాగుండి, కేవలం మానడం లేదని వేలు తీస్తామంటే మాత్రం ఇంకొక డాక్టరుకి చూపించండి. బొటనవేలు పోతే ఒంటి బరువు పక్క ఎముకల మీద పడుతుంది, అక్కడ కొత్త పుండు లేస్తుంది. ఇలా ఒక వేలితో మొదలై చాలా దూరం పోయినవారిని చూశాను.

ఇక కోయడం. ఫొటోలో పుండు చుట్టూ పసుపు రంగులో, కొబ్బరి చిప్ప అంచులా గట్టిపడిన చర్మం కనబడుతోంది. అదే ఆనె. రాపిడి ఎక్కువైన చోట చర్మం తనను కాపాడుకోవడానికి దళసరి అవుతుంది, ఆ దళసరే బూటులో రాయిలా లోపలి కండను నలిపేస్తుంది. చిన్న బ్లేడుతో దాన్ని పొరలు పొరలుగా చెక్కుతాం. తెల్లటి పెచ్చులు పళ్ళెంలో రాలుతూ ఉంటాయి, మనిషి హాయిగా ఫోనులో మాట్లాడుతూ ఉంటాడు. నొప్పి తెలిసే నరాలు ఎప్పుడో పోయాయి. అంచు కింద చిన్న గూడు ఒకటి తెరుచుకుంటుంది, దానిలో నుంచి బూడిద రంగు నీరు, ఒక రకం వాసన. ఇంకా చెక్కితే అంచు పొడవునా చుక్కలు చుక్కలుగా ఎర్రటి రక్తం చెమరుస్తుంది. అక్కడ ఆగాలి, అది బతికిన కండ. ఈలోగా రూపాయి బిళ్ళంత పుండు దానికి రెట్టింపు అయి ఉంటుంది. పక్కనున్న భార్యో కొడుకో బెదిరిపోయి "పెద్దది చేసేశారేమిటండీ" అంటారు. పెద్దది చేయలేదు, మూత తీశాను అంతే. ఈ పని ఇంట్లో బ్లేడుతో గాని, ఊళ్ళో గోళ్ళు తీసేవారితో గాని చేయించకండి.

అన్నిటికన్నా పెద్ద మందు బరువు తీసేయడం. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే, ఎందుకంటే దీన్ని ఎవరూ మందుగా లెక్కపెట్టరు. 60 కిలోల మనిషి రోజుకి వేల అడుగులు వేస్తాడు. ప్రతి అడుగులోనూ ఒంటి బరువు వచ్చి ఆ రూపాయి బిళ్ళంత చోటు మీద పడుతుంది. రాత్రి నిద్రలో మొలిచిన లేత కణాలు తెల్లవారి పెరట్లోకి వెళ్ళి వచ్చేసరికి నలిగిపోతాయి. నొప్పి ఉన్నవాడైతే కుంటుతాడు, కుంటడమే ఒక వైద్యం. నాన్నగారికి నొప్పి లేదని మీరు ఊరటగా రాశారు. నన్ను కలవరపెట్టిన వాక్యం అదే.

ఈ సంగతి మన దేశంలో ముందు కుష్ఠు రోగుల దగ్గర తేలింది. 1946లో వెల్లూరు వైద్య కళాశాలకి వచ్చిన పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు, కుష్ఠు క్రిమి వేళ్ళను తినేయదని, నొప్పి తెలియకపోవడం వల్ల దెబ్బ మీద దెబ్బ తగిలి అవి అరిగిపోతాయని చూపించాడు. అరికాలి పుండ్లకి ఆయన మందుల కన్నా పిండికట్టునే నమ్ముకున్నాడు. పాదానికి, పిక్కకి అతుక్కునేలా వేసిన కట్టు బరువును కాలంతా పంచేస్తుంది, పుండు మీద పడేది తగ్గిపోతుంది. మన సాలూరులోనూ కుష్ఠు రోగులకి ప్రత్యేక ఆసుపత్రి ఉంది. నల్ల ఎం.సి.ఆర్. రబ్బరు చెప్పులు మన ప్రాంతపు పెద్దవాళ్ళకి తెలిసింది కుష్ఠు రోగుల వల్లనే, అందుకే షుగరు రోగులు అవి తొడుక్కోవడానికి సిగ్గుపడతారు. "ఆ చెప్పులా, ఊళ్ళో ఏమనుకుంటారు?" అని నన్ను చాలామంది అడిగారు.

రక్తం బాగుండి ఇన్ఫెక్షన్ లేని అరికాలి పుండ్లు ఆ కట్టుతో చాలావరకు ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మూసుకుంటాయి. తీసి పెట్టుకునే బూటు కూడా దొరుకుతుంది, కాని జనం దాన్ని ఇంట్లో మూలన పెట్టేస్తారు. రోజు మొత్తం వేసే అడుగుల్లో మూడో వంతు కూడా ఆ బూటుతో వేయడం లేదని పరిశోధనలోనే తేలింది. అందుకే తీయలేని కట్టు మేలంటాను. అయితే దాన్ని వేయడం తెలిసినవారే వేయాలి, వారం వారం మార్చాలి. రక్తం అందని కాలికి, చీము పట్టిన పాదానికి వేయకూడదు. కట్టు వేసేవారు దొరకకపోతే దళసరి ఫోము ముక్కను చుట్టగా చుట్టి పుండుకి వెనక, పాదం మధ్యలో అంటించి, పుండున్న చోటు నేలకి తగలకుండా ఎత్తిపెట్టే పద్ధతి ఉంది. ఖర్చు తక్కువ, నేను చాలామందికి ఇదే చేస్తాను.

ఆమదాలవలస వైపు నుంచి ఒక రైతు ఏడు నెలల పుండుతో వచ్చేవారు. చెక్కాను, ఫోము పెట్టాను, మూడు వారాలు మానుతున్నట్టే ఉండి నాలుగో వారం మళ్ళీ లోతు పడింది. రెండుసార్లు ఇలాగే జరిగింది. షుగరు బాగుంది, నాడి బాగుంది, ఎముక బాగుంది. ఏమీ తోచక ఒకరోజు గుమ్మం బయట విడిచిన ఆయన చెప్పులు తెప్పించి చేయి లోపల పెట్టి తడిమాను. నా వేలికి గుచ్చుకుంది. లారీ టైరు చెప్పు అడుగులో సర్కారు తుమ్మ ముల్లు ఒకటి విరిగి, మొన మాత్రం లోపలికి బియ్యపు గింజంత పొడుచుకుని ఉంది. సరిగ్గా పుండు ఎదురుగా. పొలం పనులున్న వారాల్లో ఫోము విప్పేసి ఆ చెప్పులతో తిరిగేవారట. "ముల్లు ఉంటే నాకు తెలియదా బాబూ?" అన్నారు, చూపించినా నమ్మలేదు. ఆ చెప్పుల జత మా దగ్గరే ఉంచేసుకున్నాం. అయిదు వారాల్లో పుండు మూసుకుంది. అంతకుముందు ఆయన ఏడు నెలలూ వాడిన మందుల చీటీలు ఒక ప్లాస్టిక్ సంచి నిండా ఉన్నాయి.

డ్రెస్సింగు గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే మీరు అనుకునేంత తేడా అక్కడ రాదు. మన భాషలో పుండు మానితే "ఆరింది" అంటాం కదా, ఆ మాటే మనల్ని తప్పుదారి పట్టిస్తోందేమో. ఎండలో పెట్టడం, గాలికి వదిలేయడం, పౌడరు చల్లడం అన్నీ ఆరబెట్టే ప్రయత్నాలే. జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త 1962లో పందుల మీద ప్రయోగం చేసి, గాలికి ఆరిన గాయం కన్నా తేమగా మూసి ఉంచిన గాయం మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పరుచుకుంటుందని చూపించాడు. తేమ ఉండాలి, మడుగు కట్టకూడదు. నీరు ఎక్కువ కారే పుండుకి పీల్చుకునే ఫోము, ఎండిపోయిన దానికి జెల్, మధ్యరకానికి అంటుకోని పొర వేసి పైన గాజుగుడ్డ. కడగడానికి సెలైన్ చాలు. హైడ్రోజన్ పెరాక్సైడ్ బుసబుస పొంగితే శుభ్రమవుతున్నట్టు కనబడుతుంది, కొత్తగా మొలిచే కణాలు కూడా ఆ పొంగులోనే పోతాయి. అయొడిన్ ద్రావణం కొద్ది రోజులు, చీము ఉన్నప్పుడు సరే, నెలల తరబడి వద్దు. కాలిన గాయాలకి వేసే తెల్ల క్రీము మానని పుండు మీద పెరుగు మీగడలా పొర కట్టి కూర్చుంటుంది, కింద ఏముందో కనబడనివ్వదు. నాన్నగారి కట్టు మీద ఆకుపచ్చ మరక, తియ్యని వాసన ఉంటే అది రిపోర్టులో ఉన్న సూడోమోనాసే. దానికి ఖరీదైన ఇంజెక్షన్ కన్నా ముందు, డాక్టరు పర్యవేక్షణలో, బాగా పలచన చేసిన ఎసిటిక్ ఆమ్లం తడిపిన గుడ్డతో కొన్ని రోజులు కడతాం. వెనిగరులో ఉండేది అదే.

తేనె పుండుకి మంచిదన్న మాట నిజమే, కాని అది గామా కిరణాలతో క్రిమిరహితం చేసిన వైద్యపు తేనె. సీతంపేట ఏజెన్సీ నుంచి గిరిజన సహకార సంస్థ అమ్మే తేనె నేనూ ఇంట్లో వాడతాను, నోట్లోకి. పుండులోకి కాదు. ఆకు పసరు విషయంలో మీ మేనమామగారి మనసు నొప్పించకుండా వద్దని చెప్పండి. దానితో మట్టి కూడా లోపలికి వెళుతుంది, పైగా పుండు రంగు మారిపోయి ఏమి జరుగుతోందో మాకు తెలియదు.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. వానాకాలంలో పురుగులు పట్టిన పుండ్లతో కొందరు వస్తారు, ఇంట్లోవాళ్ళు సిగ్గుతో చచ్చిపోతూ ఉంటారు. టర్పెంటైన్ నూనె వేస్తే అవి ఒక్కొక్కటే పైకి వస్తాయి, పట్టకారుతో ఏరేస్తాం. ఏరాక కింద చూస్తే తరచూ నేను బ్లేడుతో చేసినదానికన్నా శుభ్రంగా ఉంటుంది, ఎందుకంటే చాలా రకాల ఈగ పురుగులు చచ్చిన కండనే తింటాయి. ప్రయోగశాలలో పెంచిన క్రిమిరహిత పురుగులను పుండు శుభ్రం చేయడానికి వాడే పద్ధతికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో అనుమతి కూడా ఇచ్చింది. పొలం ఈగలకి ఆ అనుమతి లేదు, వాటిలో బతికిన కండను తినేవీ ఉంటాయి. కాబట్టి ఎదురు చూడకండి.

వ్యాక్యూమ్ మంచి పరికరమే. పుండు నిండా ఫోము పెట్టి, పైన పారదర్శక పొర అంటించి, సాధారణంగా 125 మి.మీ. పాదరసం మేర తగ్గించిన పీడనంతో లోపలి నీటిని లాగుతుంది. చీము తీశాక మిగిలే పెద్ద గుంటలకి, పాదంలో కొంత భాగం తీసిన తర్వాతి గాయాలకి బాగా పనిచేస్తుంది. చచ్చిన కండ తీయకుండా, చెడిన ఎముక ఉండగా పెట్టకూడదు. రూపాయి బిళ్ళంత అరికాలి పుండుకి దాని అవసరం నాకు కనబడటం లేదు. ఆక్సిజన్ గదిలో 30, 40 సార్లు కూర్చోబెట్టే వైద్యం, కణాల పెరుగుదలకి తోడ్పడే జెల్లు, సొంత రక్తపు ప్లేట్‌లెట్ల పూత కొందరికి ఉపయోగపడతాయి. నా లెక్క ఒకటే: పైన చెప్పిన పనులన్నీ నాలుగు వారాలు సక్రమంగా జరిగాక కూడా పుండు విస్తీర్ణం సగానికి తగ్గకపోతే అప్పుడు వాటి గురించి మాట్లాడుకోవచ్చు. మొదటి రోజే వాటి ధర చెప్పే చోట జాగ్రత్త.

నాలుగు వారాల లెక్క అన్నాను కాబట్టి, వారానికోసారి పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. రోజూ చూసేవారి కంటికి తేడా తెలియదు.

ఈ సమాధానం చదివే మిగతావారికి ఒక హెచ్చరిక: కాలి మీద ప్రతి మానని పుండూ షుగరు పుండు కాదు. విజయనగరం దగ్గర జూటు మిల్లులో ఏళ్ళ తరబడి నిలబడి పనిచేసిన ఒక అమ్మ, లోపలి చీలమండకి పైన తొమ్మిదేళ్ళ పుండుతో వచ్చింది. చుట్టూ చర్మం కాఫీ గింజ రంగు, పిక్క మీద ఉబ్బిన సిరలు. షుగరు లేదు. అది సిరల పుండు, దానికి మందు బిగుతు కట్టు. నాడి చూసి, ఇందాక చెప్పిన చీలమండ బీపీ అంకె 0.8 కన్నా ఎక్కువని నిర్ధారించుకున్నాక కింద నుంచి పైకి పొరలుగా బిగించి కట్టాం. నాలుగు నెలల్లో మూసుకుంది, తర్వాత సిరలకి చికిత్స చేయించాం. తొమ్మిదేళ్ళలో ఎన్ని పూతమందులు వాడిందో ఆమెకే గుర్తు లేదు. అదే కట్టు రక్తం అందని కాలికి వేస్తే కాలు పోతుంది. మన రెండు జిల్లాల్లో బోదకాలు కూడా ఎక్కువే, ఆ మడతల్లో పుండ్లకి రోజూ సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టుకోవడమే సగం వైద్యం. పాత కాలిన మచ్చ మీద లేచిన పుండు, అంచులు పువ్వులా పైకి మడిచినట్టు ఉన్న పుండు, మూడు నెలలు సరైన వైద్యం చేసినా కదలని పుండు, వీటి అంచు నుంచి ముక్క తీసి పరీక్షకి పంపాలి. కొన్ని క్యాన్సర్లు పుండు వేషంలో వస్తాయి.

తిండి దగ్గర మన ఇళ్ళలో జరిగే అన్యాయం చెప్పాలి. "పప్పు తింటే చీము పడుతుంది" అని పప్పు మానిపిస్తారు, గుడ్డు వేడి అంటారు, చేప నీచు అంటారు. చివరికి ఆ మనిషికి మిగిలేది చారన్నం. అన్నం షుగరు పెంచుతుంది, చారులో బలం లేదు, కొత్త కండ దేనితో పుట్టాలి? పప్పుకి, చీముకి ఏ సంబంధమూ లేదు. కిడ్నీలు బాగుంటే రోజుకి కిలో బరువుకి 1.25 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు. రెండు గుడ్లు, పప్పు, ఉలవలు, చేప, మజ్జిగ ఇలా లెక్క వేసుకోండి. క్రియాటినిన్ ఎక్కువుంటే ఈ లెక్క మారుతుంది, ఆ డాక్టరునే అడగండి. పుండు మానే వరకు ఇన్సులిన్ వాడమంటే వాదించకండి.

ఇవి కనబడితే మాత్రం ఓపీ రోజు కోసం ఆగవద్దు, ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్ళండి: చలిజ్వరం, ఎర్రదనం గంటగంటకీ పైకి పాకడం, వేలు నల్లబడటం, నొక్కితే చర్మం కింద చిటపటమనడం, నొప్పే లేని పాదంలో కొత్తగా నొప్పి, కారణం లేకుండా షుగరు 300 దాటడం. పాదంలో చీము గంటల్లో పాకుతుంది, రాత్రి గడిచాక చూద్దామనుకుని మోకాలి దాకా పోగొట్టుకున్నవారున్నారు.

మానిన తర్వాత కూడా కథ ఉంటుంది. మానిన పాదపు పుండ్లలో సుమారు 40 శాతం ఏడాదిలోపే మళ్ళీ లేస్తాయి. రోజూ రాత్రి అరికాలు అద్దంలో చూడాలి, లేదా మీరు చూడాలి. అరసవల్లి వెళ్ళినప్పుడు మిట్టమధ్యాహ్నం బండల మీద వట్టికాళ్ళతో ప్రదక్షిణలు చేయించకండి. స్పర్శ లేని పాదం కాలిందని ఇంటికి వచ్చి బొబ్బ చూశాకే తెలుస్తుంది. సూర్యనారాయణమూర్తి ఉదయం పూట దర్శనానికీ ఒప్పుకుంటాడు.

మీరు ఇప్పుడు చేయవలసింది: శ్రీకాకుళంలో రిమ్స్ అని పిలిచే ప్రభుత్వ పెద్దాసుపత్రిలో జనరల్ సర్జరీ ఓపీకి తీసుకెళ్ళండి, రక్తనాళాల సమస్య తేలితే విశాఖ కె.జి.హెచ్. దాకా వెళ్ళవలసి రావచ్చు. పాత ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు పట్టుకెళ్ళి మీ నాన్నగారికి చేయబోయే చికిత్స దానిలో ఉందో లేదో కౌంటరులో వైద్యమిత్రని ముందే అడగండి. వాడిన మందుల చీటీలన్నీ, ముఖ్యంగా ఆ ఇంజెక్షన్లవి, తేదీల వరుసలో పెట్టుకోండి. కాలి నాడి చూశారా, పుల్లతో లోతు చూశారా, బరువు పడకుండా ఏమి చేస్తారు, ఈ మూడూ డాక్టరుని మర్యాదగా అడగండి. మంచి డాక్టరెవరూ దానికి కోప్పడరు.

వెళ్ళేటప్పుడు నాన్నగారి చెప్పులు ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. పొలానికి వేసుకునేవి, పెరట్లో వేసుకునేవి కూడా.